ఐదు అయిపోయింది, ఆరో తరగతికి హైస్కూలుకు వెళ్లాలి. బడి తెరిచేలోపు ఏమేం చూసుకోవాలి?

పత్తిచేను అమ్మ:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో చిన్న ఊరు. మా పాప ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి పూర్తి చేసింది. ఇప్పుడు మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ హైస్కూలులో చేర్చాలి. రోజూ బస్సులో వెళ్లి రావాలి. ఊరి బడిలో ఇద్దరే టీచర్లు. పాప అలిగినా, కడుపునొప్పి వచ్చినా వాళ్లే గమనించి కబురు పంపేవారు.

జూన్ 12న బడి తెరుస్తారు. సరిగ్గా అప్పుడే మాకు పత్తి గింజలు పెట్టే పనులు. నేను పొద్దున్నే ఏడింటికల్లా చేనికి వెళ్లిపోతాను, ఆయన అంతకన్నా ముందే. పాప తనంతట తాను తయారై, తిని, ఇంటికి తాళం వేసి బస్సెక్కాలి. హైస్కూలు మాట ఎత్తితే చాలు, లేచి వాకిట్లోకి వెళ్లిపోతోంది. బతిమాలి అడిగితే "అక్కడ హిందీ ఉంటుందట, నాకు ఒక్క ముక్క రాదు" అంది. మా ఇంట్లో ఎవరికీ హిందీ రాదు. ట్యూషన్ పెట్టించమని మా తోడికోడలు అంటోంది. విత్తనాలకే అప్పు తెచ్చాం. ముందుగా దేని సంగతి చూడాలో చెప్పండి.

బడి ఆటో:
అక్కా, నేను బడి పిల్లలను ఆటోలో తీసుకెళ్తుంటాను. చదువు సంగతి నాకు తెలియదు, దారి సంగతి చెప్తాను. పొద్దున బస్సు ఏదో పిల్లలకు అందరూ చెప్తారు. సాయంత్రం బస్సు ఏది, అది తప్పితే తర్వాతది ఎప్పుడు, అదీ రాకపోతే ఎవరి దుకాణంలో కూర్చోవాలి అన్నది ఎవరూ చెప్పరు. మొదటి వారంలో బస్టాండులో ఏడుస్తూ కనిపించే పిల్లలందరూ సాయంత్రమే కనిపిస్తారు. తెలిసిన దుకాణదారు ఒకరికి మీ ఇద్దరి ఫోను నంబర్లు ఇచ్చి, పాపను చూపించి రండి. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకూ ఉచితమే కాబట్టి ఛార్జీల బెంగ లేదు. కండక్టరు ఆధార్ అసలు కార్డే చూపమంటారు. అది సంచి లోపలి జిప్పులోనే ఉండాలి, పుస్తకాల మధ్య పెడితే ఎక్కడో జారిపోతుంది.

రిటైర్డ్ హెచ్‌ఎం:
అమ్మా, నా ఉద్యోగమంతా జిల్లా పరిషత్ హైస్కూళ్లలోనే గడిచింది. ఆరో తరగతిలో కొత్తగా చేరే పిల్లలు చదువుకు భయపడతారని పెద్దలు అనుకుంటారు. నేను చూసినంతలో వాళ్ల భయం వేరు. ఎవరిని అడగాలో తెలియదు. అత్తవారింటికి వచ్చిన కొత్త కోడలికి ఉప్పు డబ్బా ఎక్కడుందో అడగడానికి నోరు రానట్టే. ఊరి బడిలో తెలుగు చెప్పిన టీచరే లెక్కలు చెప్పి, ముక్కు కూడా తుడుస్తుంది. హైస్కూలులో గంట కొడితే ఒకరు వెళ్లి ఇంకొకరు వస్తారు. అంతమందిలో తన టీచరు ఎవరో పిల్లకు తెలియదు.

అందుకే మొదట తెలుసుకోవాల్సింది క్లాస్ టీచరు ఎవరన్నది. జూన్‌లో బడిబాట పేరుతో టీచర్లు ఊళ్లకు వస్తారు. మీ ఊరికి వచ్చే రోజున చేనికి ఒక గంట ఆలస్యంగా వెళ్లండి. "నేను ఏడింటికే ఇల్లు వదులుతాను, పాప ఒక్కతే వస్తుంది" అని వాళ్లతో మొహమాటం లేకుండా చెప్పండి. ఇలాంటివి మాకు ఎవరూ చెప్పరు. చెప్పకపోతే, పిల్ల ఆలస్యంగా వచ్చిన రోజున మేం బద్ధకమనుకుంటాం.

బడి తెరవకముందే పాపను ఒకసారి తీసుకెళ్లండి. తరగతి గది, కుళాయి, భోజనాలు పెట్టే చోటు, మరుగుదొడ్డి చూపించండి. మరుగుదొడ్డి దగ్గర కాసేపు ఆగండి. తలుపుకు గడియ పడుతోందా, నీళ్లు వస్తున్నాయా అన్నది మీ కళ్లతో మీరే చూడండి. మగవాళ్లు ఈ విషయం రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు చాలామంది, అక్కడికి వెళ్లాల్సి వస్తుందని పొద్దుటి నుంచి నీళ్లే తాగరు. మధ్యాహ్నానికి తలనొప్పి అంటారు, నాలుగు రోజులకు మూత్రంలో మంట అంటారు, ఆ తర్వాత బడికి వెళ్లనంటారు. ఇంట్లోవాళ్లేమో లెక్కలంటే భయం పట్టుకుందని ట్యూషన్ వెతుకుతారు! సాయంత్రం ఇంటికి రాగానే నీళ్ల సీసా మూత తీసి చూడండి. నిండుగా ఉంటే కారణం పాఠాల్లో లేదు. గడియ లేకపోతే హెచ్‌ఎం గారిని అడగండి, నలుగురు తల్లులు కలిసి అడిగితే ఇంకా త్వరగా వస్తుంది.

పెద్దమనిషి కావడం గురించి కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి. ఇంకా చిన్నపిల్లే కదా అని వాయిదా వేయకండి. ఒక ప్యాడు, ఒక జత లోదుస్తులు కవరులో చుట్టి సంచిలో పెట్టండి. బడిలో ఏ ఆడ టీచరుకు చెప్పాలో పేరుతో సహా తెలియాలి.

ఇక హిందీ. మన ప్రభుత్వ బడుల్లో హిందీ మొదలయ్యేదే ఆరో తరగతిలో, అదీ అక్షరాల నుంచి. పక్క బల్ల మీద కూర్చున్న పిల్లకూ రాదు. ఈ ఒక్క మాట పాపకు ముందే చెప్తే సగం బరువు దిగుతుంది. హిందీ కాక ఇంకో మార్పు ఉంది. ఐదు వరకు పరిసరాల విజ్ఞానం ఒకటే పుస్తకం, ఆరులో అది సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం అని రెండవుతుంది. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదురుగా అదే పాఠం తెలుగులో ఉంటుంది. తెలుగు పేజీ ముందు చదివితే తప్పేమీ కాదు. రాత్రి మీరు వంట చేస్తుండగా ఆ పేజీ బయటికి చదివి వినిపించమనండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా పాఠం మీకూ తెలుస్తుంది, అర్థం కాని చోట పిల్ల ఆగిపోవడమూ తెలుస్తుంది.

డబ్బు గురించి: పాఠ్యపుస్తకాలు, రెండు జతల బట్టలు బడిలోనే ఉచితంగా ఇస్తారు, కొనకండి. బట్టలు కుట్టి వచ్చేసరికి ఆలస్యం కావచ్చు, అప్పటిదాకా ఉన్నవే వేసి పంపండి. మధ్యాహ్న భోజనానికి ఇంటి నుంచి కంచం కావాలి. దాని అడుగున పేరు చెక్కించండి.

ఊరి బడి నుంచి రికార్డు షీటు (అక్కడ చదివినట్టు బడి ఇచ్చే కాగితం) తీసుకుని, కొత్త బడిలో ఇచ్చే ముందే జిరాక్సులు తీసి దాచండి. రేపు ప్రభుత్వ ఉద్యోగాలకు స్థానికత ఒకటి నుంచి ఏడు తరగతులు ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి చూస్తారు, అప్పుడు ఈ కాగితాల కోసం ఊరూరా తిరిగేవాళ్లను ఎంతమందినో చూశాను. పాత బడి వాళ్లు కంప్యూటర్‌లో పాప పేరు కొత్త బడికి వదిలారా అని కూడా అడగండి, పెన్ నంబరు (బడి మారినా మారని, ప్రతి విద్యార్థికీ ఉండే నంబరు) రాయించుకోండి. కాగితం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండటానికి మాత్రం వీల్లేదు, 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్‌లోనే అది ఉంది.

పొద్దుటి పని బడి తెరవకముందే అలవాటు చేయండి. మీరు చేనికి వెళ్లిన తర్వాత పాప అన్నం తిని, తాళం వేసి, బస్సు ఆగే చోటుకు వెళ్లి తిరిగి రావాలి. జడలు మీరు వెళ్లేముందే వేసేయండి. మీ ఊరి నుంచి అదే బడికి వెళ్లే ఎనిమిదో తరగతి పిల్ల ఎవరో ఒకరు ఉంటారు. ఆ పిల్ల తల్లితో మీరే వెళ్లి మాట్లాడండి, పిల్లలే కలుస్తారులే అని వదిలేయకండి.

బీటెక్ నాన్న:
హెచ్‌ఎం గారూ, ఒక మాట. ఈ రోజుల్లో పోటీ ఎలా ఉందో చూస్తున్నాం. మా బాబుకు ఏప్రిల్ నుంచే ఆరో తరగతి లెక్కలు, హిందీ మొదలుపెట్టించాం. జూన్‌లో క్లాసులో ముందుంటాడు, భయం దానంతట అదే పోతుంది. ఖర్చయినా ట్యూషన్ మంచిదే కదా?

రిటైర్డ్ హెచ్‌ఎం:
అయ్యా, మీ బాబు సంగతి మీకు తెలుసు. ఈ పాప సాయంత్రం బస్సు దిగేసరికే అలిసిపోతుంది, వెంటనే ట్యూషన్‌కు వెళ్తే తినేదెప్పుడు, పడుకునేదెప్పుడు? ముందే నేర్చుకుని వచ్చిన పిల్లలు జూన్‌లో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు, అదీ చూశాను.

జులై చివరికల్లా ఎఫ్‌ఏ-1, అంటే బడిలో పెట్టే మొదటి చిన్న పరీక్ష, అవుతుంది. అందులో రాత పరీక్ష ఒక భాగమే. క్లాసులో మాట్లాడటం, నోటుపుస్తకాలు, ప్రాజెక్టు కూడా చూస్తారు. అప్పటికీ హిందీ అక్షరాలు కూడబలుక్కుంటుంటే ముందు హిందీ టీచరును కలవండి. భోజనాల తర్వాత కాసేపు కూర్చోబెట్టి చెప్పే టీచర్లు ఉంటారు, అడిగేవాళ్లే తక్కువ. అదీ కుదరనప్పుడు ట్యూషన్ ఆలోచించవచ్చు.

పత్తిచేను అమ్మ:
టీచర్ గారూ, మీరు రాసిందంతా పాపకే చదివి వినిపించాను. హిందీ ఎవరికీ రాదంటే "నిజంగానా?" అని రెండుసార్లు అడిగింది. మా ఊరి నుంచి ఎనిమిదో తరగతికి వెళ్లే పిల్ల ఉంది, ఆమె తల్లి, నేను ఒకే ముఠాలో కూలికి వెళ్తాం. ఈ రాత్రికే మాట్లాడతాను. ఒక్క సందేహం. పాప ఆధార్‌లో ఇంటిపేరు లేదు, బడి రికార్డులో ఉంది. చేర్చుకోరేమోనని భయంగా ఉంది.

రిటైర్డ్ హెచ్‌ఎం:
చేర్చుకుంటారు, దానికోసం అడ్మిషన్ ఆపకండి. జనన ధ్రువపత్రంలో పేరు ఎలా ఉందో ముందు చూడండి. అది బడి రికార్డుతో కలిస్తే ఆధార్‌ను సరిచేయించాలి. ఆధార్ కేంద్రానికి పాపను తప్పకుండా తీసుకెళ్లండి. ఐదేళ్లు నిండాక వేలిముద్రలు ఇచ్చి ఉండకపోతే అవీ అక్కడే తీసుకుంటారు, రెండోసారి తిరగక్కర్లేదు. వాన పడి చేను పని ఆగిన రోజు చూసుకుని వెళ్లండి, కూలి పోదు.