‘ప్రోటోకాల్’లో జిగురు ఎక్కడ పోయింది?

తిరుపతిలో ఈ మాటకి ఒకటే అర్థం. చుట్టాలు కొండకి వస్తున్నారంటే ముందు అడిగేది, “ప్రోటోకాల్ ఏమైనా దొరుకుతుందా?” అని. హోదా ఉన్నవాళ్ళు ముందు పోయే దారి, అంతే. మొన్న ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి “ఇంటర్నెట్‌లో ఐపీ అంటామే, ఇంటర్నెట్ ప్రోటోకాల్, అందులో ‘పీ’ కూడా ప్రోటోకాలే నాన్నా” అంది. నవ్వొచ్చింది, తర్వాత ఆలోచన పట్టుకుంది.

గ్రీకులో ప్రోటోస్ అంటే మొదటిది, కొల్లా అంటే జిగురు. పపైరస్ చుట్టకి (కాల్చేది కాదు) మొదట్లో అంటించిన కాగితం ప్రోటోకొల్లోన్. అక్కడి నుంచి దస్తావేజులకీ, రాయబారుల మర్యాదలకీ పాకి, 1967లో బ్రిటన్ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వాళ్ళ రాతల్లో కంప్యూటర్ల దగ్గరికి చేరింది.

మన పుస్తకాల్లో ‘నియమావళి’ అంటారు. తప్పు కాదు గానీ జిగురు పోయింది. నెట్‌లో జరిగేది అంటించడమే కదా! మనం పంపేదాన్ని ముక్కలు చేసి, టీసీపీ అనే ప్రోటోకాల్ ఒక్కో ముక్క ముందు ఒక చీటీ అంటిస్తుంది, కనీసం 20 బైట్లు: ఇది ఎన్నో ముక్క, ఏ పోర్టుకి (అంటే అవతలి కంప్యూటర్లో ఏ ప్రోగ్రాముకి). దాని ముందు ఐపీ ఇంకో చీటీ, ఇదీ కనీసం 20 బైట్లు: ఎక్కడి నుంచి, ఎక్కడికి. ఆ పైన వైఫైది. దారిలో రౌటర్‌కి ఐపీ చీటీ చాలు, లోపలిది దానికి అక్కర్లేదు. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే ఇంజినీర్లు మొదట రాసినప్పుడు టీసీపీ, ఐపీ రెండూ ఒకటే. కానీ మాట్లాడే గొంతుని నెట్‌లో పంపాలంటే, టీసీపీలా పోయిన ముక్క మళ్ళీ వచ్చేదాకా ఆగితే కుదరదు. అందుకే 1978లో విడదీశారు. 

తిరుపతి అర్థం మాత్రం అక్కడ చెల్లదు, ఏ ముక్కకీ పెద్దరికం లేదు.

ఇలా ఒకదానిమీద ఒకటి పనిచేసే టీసీపీ, ఐపీ, వైఫైలలో ఒక్కోదాన్ని లేయర్ అంటారు. మన గుంపు సభ్యులకి నా సందేహం: లేయర్‌కి ‘పొర’ కంటే ‘దొంతర’ నయం కాదా? పొర అంటే ఉల్లిపాయ గుర్తొస్తుంది.

చిత్తూరు సభ్యుడు: దొంతర మొత్తానికి పేరు సార్. కుండల దొంతర అంటాం, ఒక్క కుండని దొంతర అనం. లేయర్లన్నీ కలిసిన స్టాక్‌కి దొంతర పెట్టండి, లేయర్‌కి పొరే ఉండనీయండి.

ఇంకో సభ్యురాలు: పెద్దరికం లేదనకండి అన్నా. ఐపీ నియమాలు రాసిన 1981 నాటి పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 791 చూడండి. ఐపీ చీటీలో ప్రాధాన్యానికని అప్పుడు 3 బిట్లు పెట్టారు, అంటే 8 మెట్లు. కాకపోతే బయటి ఇంటర్నెట్‌లో రౌటర్లు వాటిని పెద్దగా పట్టించుకోవు.

నేను: అంటే లెటర్ ఉంది, గేటు దగ్గర చెల్లదు. మా ఊళ్ళో అందరికీ తెలిసిన కథే అక్కా.