టెన్షన్ అంటే ఒత్తిడి కాదు, లాగుడు

టెన్షన్‌కి తెలుగు మాట ఏదని నిన్న ఒకరు అడిగితే, ఎక్కువమంది ‘ఒత్తిడి’ అని రాశారు. వాడుకలో అది నడుస్తుంది, కాదనను. కానీ రెండు మాటల వెనకున్న బొమ్మలు వేరు. ఒత్తిడి అంటే నొక్కడం, టెన్షన్ అంటే లాగడం. ఒక రబ్బర్ బ్యాండ్‌ని రెండు చూపుడువేళ్లకి తగిలించి సాగదీయండి. సన్నబడుతుంది, రంగు పాలిపోతుంది. మీటితే మోగుతుంది. ఇంకొంచెం లాగితే తెగుతుందేమోనని మన కళ్లు వాటంతటవే చిట్లిపోతాయి. ఆ స్థితి పేరే టెన్షన్. లాటిన్‌లో ‘టెండెరె’ అంటే సాగదీయడం, చాచడం.

ఈ బొమ్మ మనకూ కొత్త కాదు. ‘నరాలు తెగే ఉత్కంఠ’ అంటాం. తెగేది నొక్కితే కాదు, లాగితేనే. ఆ ఉత్కంఠ కూడా మెడ పైకి చాచి చూడటమే, కంఠం అందులోనే ఉంది.

టెండెరె నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. టెంట్ అంటే సాగదీసి కట్టిన గుడ్డ. ఎక్స్‌టెండ్ అంటే బయటికి చాచడం. ఇంటెండ్ అంటే ఒక పని వైపు మనసు చాచడం. అటెండ్ కూడా దాదాపు అదే, ఎదుటివాళ్ల వైపు మనసు చాచి ఉండటం. దాన్నుంచే ‘కనిపెట్టుకుని ఉండటం’, ‘సేవ చేయడం’ అనే అర్థాలు వచ్చాయి. ఫ్రెంచిలో ఇదే మాటకి ఇప్పుడు ‘ఎదురుచూడటం’ అని అర్థం. సూపరింటెండెంట్ అంటే పైనుంచి దృష్టి చాచి ఉంచేవాడు. అంటే ఒకే ఆఫీసులో ఉండే అటెండర్, సూపరింటెండెంట్ మాటల లెక్కలో తోబుట్టువులు! టెండర్ వేయడం అంటే ఇంత ధరకి చేస్తానని ముందుకు చాచి ఇవ్వడం.

నాకు బాగా ఇష్టమైనది ప్రిటెండ్. ‘ప్రీ’ అంటే ముందు. ఏదో ఒకటి తెరలా ముందుకు చాచి పట్టుకుంటే వెనకున్నది కనపడదు, నటన అనే అర్థం అలా పుట్టింది. కానీ ‘ఇది నాది’ అంటూ హక్కుని ముందుకు చాచడం కూడా ప్రిటెండే. 1688లో ఇంగ్లండ్ సింహాసనం పోగొట్టుకున్న రెండో జేమ్స్ కొడుకుని ‘ఓల్డ్ ప్రిటెండర్’ అనీ, మనవడిని ‘యంగ్ ప్రిటెండర్’ అనీ చరిత్రలో రాస్తారు. చదువుకునే రోజుల్లో నేను ఆ ఇద్దరినీ వేషగాళ్లనే అనుకున్నాను. అక్కడ ఆ మాటకి అర్థం రాజ్యం మాదే అని దావా చేసినవాళ్లని. మాట పుట్టుక తెలియకపోతే మనిషి మీదే తప్పు అభిప్రాయం ఏర్పడుతుంది.

స్పెల్లింగ్ గురించి ఒక మాట. అటెన్షన్, ఇంటెన్షన్‌లలో ‘టి’ రాసి, ఎక్స్‌టెన్షన్, టెన్షన్‌లలో ‘ఎస్’ ఎందుకు రాయాలని పిల్లలు అడుగుతుంటారు. ‘సాగదీసిన’ అనడానికి లాటిన్‌లో టెంటుస్, టెన్సుస్ అని రెండు రూపాలుండేవి. కొన్ని మాటలు దీన్నుంచి, కొన్ని దాన్నుంచి వచ్చాయి.

ఇక మన వైపు. సంస్కృతంలో మాటల మూలాలైన ధాతువుల పట్టికని ధాతుపాఠం అంటారు. అందులో ‘తను విస్తారే’ అని ఉంది, అంటే ‘తన్’ అనే ధాతువుకి అర్థం విస్తరించడం, చాచడం. తంతువు, తంత్రి, వితానం, సంతతి, సంతానం అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. సంతానం అంటే తెగకుండా సాగుతూ వచ్చేది, ఎంత చక్కటి ఊహ! ఈ ‘తన్’ లాటిన్ నుంచి రాలేదు, లాటిన్ మాటా దీన్నుంచి పోలేదు. రెండూ ఒకే పాత భాషలో పుట్టి విడిపోయిన దాయాదులు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని, సంస్కృతం నేర్చుకున్న ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పింది ఇలాంటి పోలికలు చూసే. భౌతికశాస్త్రం తెలుగులోకి తెచ్చినవాళ్లు సర్ఫేస్ టెన్షన్‌ని ‘తలతన్యత’ అన్నారు. తలం అంటే పైభాగం, తన్యతలో ఉన్నది ఈ ‘తన్’ ధాతువే. లాగుడు బొమ్మ అందులో చెక్కుచెదరలేదు. అందుకే నాకది ఒత్తిడి కంటే నిజమైన అనువాదం అనిపిస్తుంది. అయితే ‘నాకు తన్యతగా ఉంది’ అని ఎవరూ అనరు, అనాల్సిన పనీ లేదు. టెన్షన్ మన నోట్లో స్థిరపడిపోయింది.

చేర్పు: వ్యాకరణంలో పాస్ట్ టెన్స్, ప్రెజెంట్ టెన్స్ కూడా ఈ కుటుంబమేనా అని కింద అడిగారు. కాదండీ. ఆ టెన్స్ ‘టెంపుస్’ నుంచి వచ్చింది, అంటే కాలం. మనం ‘భూతకాలం’ అంటున్నది సరిగ్గా అదే. మెత్తన అనే అర్థంలో వాడే టెండర్ కూడా వేరు, అది ‘టెనెర్’ అనే మరో లాటిన్ మాట. హైటెన్షన్ వైరులో టెన్షన్ మాత్రం ఈ కుటుంబానిదే. అయితే తీగ బిగుతుగా ఉందని కాదు, అక్కడ టెన్షన్ అంటే వోల్టేజి.