చేలో దిగిన ట్రైనింగ్ విమానం, పోలిష్ పైలట్: పేరు ఎలా కనుక్కోవాలి?

ప్రశ్న:
నమస్తే అండీ. మేముండేది ఇంగ్లండ్‌లో, నాటింగమ్‌షైర్ పల్లెలో. ఊరి చరిత్ర మీద చిన్న పుస్తకం వేస్తున్నారు, కంప్యూటర్ పని తెలుసు కదా అని రెండో ప్రపంచ యుద్ధం భాగం నాకు అంటగట్టారు. ఇక్కడో పెద్దాయన చెప్పేదేంటంటే, ఆయన చిన్నప్పుడు, 1942లోనో 43లోనో, కోతలైపోయిన చేలో ఓ విమానం దిగిందట, రెక్కలు ఒకదాని మీద ఒకటి రెండు వరసలు, అడుగంతా పసుపు రంగు. పైలట్ పోలెండ్ వాడు, దెబ్బలేం తగల్లేదు, పిలిచి టీ కూడా ఇచ్చారట. పేరు ఎవరికీ గుర్తులేదు. పాత పేపర్లన్నీ తిరగేశాను, ఏమీ దొరకలేదు.

జవాబు:
పేపర్లు పక్కన పెట్టేయండి. అప్పట్లో సెన్సార్ ఉండేది, ఎక్కడ దిగింది, ఏ యూనిట్‌ది అనేవి రాయనిచ్చేవాళ్లు కాదు. పైలట్ పేరుతో కాదు, విమానంతో మొదలుపెట్టండి. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది టైగర్ మాత్ అనే ట్రైనింగ్ విమానం అయ్యుంటుంది, అడుగున పసుపు వేసేది ఎక్కువగా ట్రైనింగ్ విమానాలకే. మీ జిల్లాలోనే హక్‌నల్‌లో 1941 నుంచి పోలిష్ వాళ్లకు మొదటి దశ శిక్షణ ఇచ్చే 25వ స్కూల్ ఉండేది, అందులో ఎక్కువగా టైగర్ మాత్‌లే. న్యూటన్‌లోని 16వ స్కూల్ తర్వాతి దశది, అక్కడ ఆక్స్‌ఫర్డ్, మాస్టర్ లాంటివి, వాటికి రెక్కలు ఒకే వరస. కాబట్టి ముందు హక్‌నల్ చూడండి.

యూనిట్ రోజువారీ డైరీలు లండన్‌లో క్యూ అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి, శిక్షణ యూనిట్లవి ఎయిర్ 29 అనే వరసలో. అందరూ పొరపాటున ఎయిర్ 27 తీస్తారు, అది స్క్వాడ్రన్‌లది. ఇక కోతలైపోయిన చేను అన్నారు కదా, అదే మీకు పెద్ద క్లూ, ఇంగ్లండ్‌లో అంటే ఆగస్టు, సెప్టెంబరు. రెండేళ్లూ ఆ నెలలే చదివితే చాలు.

ఇంకో సభ్యుడు:
లండన్‌లో హెండన్ అనే చోటున్న ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంలో ఫారం 1180 అని ప్రమాదాల కార్డులున్నాయన్నా. విమానం రకం, తేదీ వరసలో పెట్టారు కాబట్టి సీరియల్ నంబర్ లేకపోయినా అడగొచ్చు. కానీ కార్డు ఉండి తీరుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఫోర్స్‌డ్ ల్యాండింగ్, అంటే తప్పనిసరై ఇలా చేలో దిగడం, అంటే విమానం ముక్కలైందని కాదు. మబ్బు కమ్మి దారి తప్పితే, పెట్రోలు అయిపోవస్తుంటే, ఇంజన్ బాగానే ఉన్నా మంచి చేను చూసి దిగిపోయేవాళ్లు. విమానానికి ఏమీ కాకపోతే కార్డు రాయాల్సిన పనే ఉండకపోవచ్చు. పైగా ఇన్‌స్ట్రక్టర్ ఉన్నట్టుండి థ్రాటిల్ (ఇంజన్ వేగం) తగ్గించేసి, ఎక్కడ దిగుతావో చూపించు అని పరీక్ష పెట్టడం పాఠంలో భాగమే.

పెద్దాయన్ని ఒక్క మాట అడగండి, దిగింది ఒక్కరా ఇద్దరా?

ప్రశ్న వేసినవారు:
ఇప్పుడే ఫోన్ చేశాను. ఇద్దరట. టీ తాగినవాడు ముందు సీటులోంచి దిగాడట, వెనక కుర్రాడు విమానం దగ్గరే ఉండిపోయాడట.

మొదటి జవాబు ఇచ్చినవారు:
భలే గుర్తుంది ఆయనకి! టైగర్ మాత్‌లో ముందు సీటు ఇన్‌స్ట్రక్టర్‌ది, విద్యార్థి వెనక కూర్చుంటాడు, ఒంటరిగా ఎగిరినా వెనక సీటే. అంటే మీరు వెతికేది ట్రైనీని కాదు, ఇన్‌స్ట్రక్టర్‌ని. డైరీలో విద్యార్థి పేరు ఒక్కటే దొరికితే అదే మన పైలట్ అని పుస్తకంలో ఎక్కించేయకండి.

పేరు దొరికాక లిస్టా క్షిస్ట్‌కా అనే ఆన్‌లైన్ జాబితా చూడండి, 1940 నుంచి 47 దాకా బ్రిటన్‌లో పనిచేసిన పోలిష్ వైమానిక దళం వాళ్ల పేర్లు, సర్వీస్ నంబర్లు, ర్యాంకులు ఉంటాయి. నంబర్ ముందు పి ఉంటే ఆఫీసర్. బ్రిటిష్ గుమాస్తాలు పోలిష్ పేర్లను ఇష్టమొచ్చినట్టు రాశారు, కాబట్టి పేరుతో దొరక్కపోతే నంబర్‌తో వెతకండి. ఆయన తర్వాత యుద్ధంలో చనిపోయుంటే నెవార్క్ శ్మశానం జాబితా కూడా చూడాలి, పోలిష్ వైమానికుల సమాధులు అక్కడ చాలా ఉన్నాయి, మీకు దగ్గరే.

మరొకరు:
చిన్న మాట. పోలిష్ పైలట్ అనగానే మగవాళ్లే అనుకోకండి. విమానాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే ఏటీఏలో అన్నా లెస్కా, పోలెండ్ నాయకుడు మార్షల్ పిల్సూద్‌స్కీ కూతురు యాద్విగా లాంటి పోలిష్ అమ్మాయిలు పనిచేశారు. మీ కేసులో ఇన్‌స్ట్రక్టరే లెండి, కానీ ఒంటరిగా దిగిన విమానాల గురించి వెతికేవాళ్లకి పనికొస్తుంది. ఇంకోటి, జిల్లా ఆర్కైవ్స్‌లో పోలీసుల, ఏఆర్‌పీ (విమాన దాడుల నుంచి జనాన్ని కాపాడే దళం) వాళ్ల లాగ్ పుస్తకాలు మిగిలాయేమో అడగండి. చేలో విమానం దిగితే కాపలాకి ఎవరో ఒకరు వచ్చే ఉంటారు, చేను యజమాని పేరుతో రాసుంటారు.

ప్రశ్న వేసినవారు:
థాంక్స్ అండీ. చేను ఎవరిదో తెలుసు, ముందు ఏఆర్‌పీ లాగ్ అడుగుతా. తేదీ దొరికితే హెండన్‌కి రాస్తా.