ఎల్ఎన్‌బీ డ్రిఫ్ట్: క్రిస్టల్ మార్చాలా, బయటి నుంచి రిఫరెన్స్ ఇవ్వాలా?

అందరికీ నమస్తే, హైదరాబాద్‌లో మా డాబా మీద డిష్, దాని ముందు ఎల్ఎన్‌బీ (సిగ్నల్ ఫ్రీక్వెన్సీ తగ్గించి కిందికి పంపే డబ్బా) పెట్టి క్యూఓ-100 అనే హ్యామ్ రేడియో శాటిలైట్ వింటున్నా, పడమర వైపు 28 డిగ్రీల ఎత్తులో దొరుకుతుంది, 10489.75 మెగాహెర్ట్జ్ బీకన్ (శాటిలైట్ ఎప్పుడూ పంపే గుర్తు సిగ్నల్) ఎస్‌డీఆర్‌లో (కంప్యూటర్‌తో నడిచే రేడియో రిసీవర్) 739.75 దగ్గర నీట్‌గా కనిపిస్తుంది. ప్రాబ్లమ్ ఏంటంటే ఎండెక్కితే చాలు బీకన్ పక్కకి జరిగిపోతుంది, మబ్బు పడితే మళ్లీ వెనక్కి, ఎస్ఎస్‌బీలో (గొంతు పంపే ఒక రేడియో పద్ధతి) మాట్లాడేవాళ్ల గొంతు మాట మధ్యలోనే సన్నగా అయిపోతుంది. ఎల్ఎన్‌బీ లోపల ఉన్నది మామూలు 25 మెగాహెర్ట్జ్ క్రిస్టలే, పీఎల్ఎల్ (ఫ్రీక్వెన్సీని పెంచే సర్క్యూట్) దాన్ని 390 రెట్లు చేసి 9750 మెగాహెర్ట్జ్ తెస్తుంది, వచ్చే సిగ్నల్ లోంచి అది తీసేస్తేనే ఆ 739.75, కాబట్టి ఒక్క పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తేడాకే 9.75 కిలోహెర్ట్జ్ పోతోంది. దాన్ని పీకేసి టీసీఎక్స్ఓ (వేడి మారినా ఫ్రీక్వెన్సీని నిలకడగా ఉంచే క్రిస్టల్ ఆసిలేటర్) వేస్తే సరిపోతుందా, లేక కింద గదిలో జీపీఎస్‌డీఓ (జీపీఎస్ సిగ్నల్‌తో సరిచూసుకునే ఆసిలేటర్) పెట్టి 25 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌ని పైనున్న ఎల్ఎన్‌బీకి పంపాలా? పంపితే సిగ్నల్ కిందికి తెచ్చే అదే కోయాక్స్ కేబుల్‌లో పంపొచ్చా, వేరే కేబుల్ లాగాలా? చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్, ముఖ్యంగా మన మే నెల ఎండకి టీసీఎక్స్ఓ తట్టుకుంటుందా అన్నది.