పుష్కరం తరువాత మళ్ళీ కలిసిన ఇద్దరు: నవలలో పాఠకుణ్ణి నమ్మించడం ఎలా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

సభ్యులకు నమస్కారం. నేను ఒక ప్రేమ నవల రాస్తున్నాను. 2004 కృష్ణా పుష్కరాలలో పదో తరగతి చదివే నాయిక సేవాదళంతో సీతానగరం ఘాటుకు వెళుతుంది. అక్కడ తప్పిపోయినవారి పేర్లను మైకులో చదివే ఉండవల్లి కుర్రవాడిని ఇష్టపడుతుంది, కాని ఆ పన్నెండు రోజుల్లో అతనితో ఒక్క మాటైనా మాట్లాడదు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ 2016 పుష్కరాలకు సెలవు మీద వచ్చిన ఆమెకు అదే ఘాటులో అతను ఎదురుపడతాడు. చదివిన మిత్రులు ఇది మరీ సినిమాలా ఉందంటున్నారు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపు వంటి మామూలు దారి పట్టమంటారా? నాకైతే పుష్కరాన్ని వదులుకోవాలని లేదు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

వదులుకోకండి. అయినా వేరే బడిలో చదివిన పిల్లవాడు ఆమె గ్రూపులోకి ఎలా వస్తాడండి? చిక్కల్లా అతను తనంతట తాను ఎదురుపడటంలోనే ఉంది. ఇద్దరినీ విడదీయడానికి కాకతాళీయమైన సంఘటన ఎంత పెద్దదైనా పాఠకులు ఒప్పుకుంటారు. కలపడానికి మాత్రం ఎవరో ఒకరు పూనుకోవాలి. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగిన పుష్కరాలకు, తాతగారికి పిండం పెట్టించాలన్న వంకతో తండ్రిని వెంటబెట్టుకుని ఆమెనే బయలుదేరనివ్వండి. దుర్గాఘాటు దగ్గర కదా, బ్యారేజీ దాటి ఆ ఒడ్డుకు దేనికమ్మా అని తండ్రి అడిగినప్పుడు, అక్కడ జనం తక్కువ ఉంటారు నాన్నా అని ఆమె చెప్పే అబద్ధం దగ్గర మీ ప్రేమకథ మొదలవుతుంది. తీరా వెళ్ళాక మైకు దగ్గర వేరెవరో కూర్చుని ఉంటే ఇంకా మేలు. పన్నెండేళ్ళ కిందట నోరు విప్పనిది ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళను అడగవలసి వస్తుంది.

జవాబు (తాడేపల్లి)

పై సలహా బాగుంది, కాని నాకు దిగులంతా ఆ మధ్య పన్నెండేళ్ళ గురించే. ఇటువంటి నవలల్లో నాయిక మారుతుంది, ఉద్యోగం చేస్తుంది, నాయకుడు మాత్రం పదిహేనేళ్ళ వయసులోనే చెక్కుచెదరకుండా ఆమె కోసం కాచుకుని ఉంటాడు. మీవాడిది ఉండవల్లి అన్నారు. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు ఉండవల్లి, పెనుమాక రైతుల్లో చాలామంది, ఏడాది పొడవునా కూరగాయలూ పూలూ పండే భూములను ఇవ్వబోమని పట్టుబట్టారు. పొలం ఇద్దామని తండ్రి, వద్దని చిన్నాన్న పంతాలకు పోయిన ఇంట్లో నలిగిన యువకుడు ఆమెకు 2016లో దొరుకుతాడు. అతనికి ఘాటు మీది ఆ అమ్మాయి అసలు గుర్తే ఉండకపోవచ్చు. ఆ మరుపును ఆమె ఎలా తట్టుకుంటుందో రెండు మూడు అధ్యాయాలు తీరికగా రాయండి. మరొక సంగతి: ఇరవై ఏడేళ్ళు వచ్చిన అమ్మాయికి ఇంట్లో సంబంధాలు చూడకుండా ఉండరు, వాళ్ళ ఇంటిపేరేమిటి, మనవాళ్ళేనా అని అడగకుండానూ ఉండరు. కులం ఊసే లేకుండా బెజవాడలో పెళ్ళి దాకా నడిచే ప్రేమకథను నేను నమ్మలేను.

జవాబు (మంగళగిరి)

ఒక సందేహం. 2004లోనే ఆర్కుట్ వచ్చింది, ఆ తరువాత ఫేస్‌బుక్ ఉండనే ఉంది. ఆమె ఎందుకు వెతకలేదని పాఠకులు తప్పక అడుగుతారు. నాకు తోచిన జవాబు ఇది: ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ మైకులో చదివిన ఆ కుర్రవాడు తన పేరు మాత్రం చెప్పి ఉండడు. పోతే, కనకదుర్గ ఫ్లైఓవర్ మీద వాళ్ళను నడిపించకండి; 2016లో అక్కడ పనులే సాగుతున్నాయి, అది తెరుచుకున్నది 2020లో.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పేరు తెలియదన్న ఊహ నాకు తట్టనే లేదు. దానితో మొదటి భాగంలో రెండు అధ్యాయాల పని తప్పింది. తాడేపల్లి వారు చెప్పిన మరుపును కూడా తీసుకుంటాను. అయితే కులం ప్రస్తావనను తల్లిదండ్రుల నోట పెట్టను. ఇంటిపేరు అడిగేది ఆమే అయితే, అడిగిన మరుక్షణం ఎందుకు అడిగానా అని ఆమెకే అనిపిస్తే, ఆ సన్నివేశం ఎక్కువ గుచ్చుకుంటుందని నా అభిప్రాయం. పిండప్రదానం అధ్యాయం పూర్తికాగానే ఇక్కడ పెడతాను. తర్పణం క్రమం తెలిసినవారు అందులో తప్పులుంటే దిద్దగలరు.