ఆంప్ సిమ్‌లో 1960ల షాడోస్ టోన్: ఎకో ఎలా సెట్ చేయాలి?

1960ల మొదట్లో బ్రిటిష్ బ్యాండ్ షాడోస్‌లో గిటారిస్ట్ హ్యాంక్ మార్విన్ వాయించిన ఆ క్లీన్ లీడ్ టోన్ కోసం మూడు వారాల నుంచి ట్రై చేస్తున్నా, దగ్గరదాకా వచ్చి ఆగిపోతోంది. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) బ్రిడ్జ్ పికప్, 11 గేజ్ తీగలు, గిటార్ ఆంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్ అయిన సిమ్‌లో వాక్స్ ఏసీ30 ఆంప్ నార్మల్ ఛానెల్, వాల్యూమ్ 3, కట్ 5, ఆల్నికో బ్లూ స్పీకర్ ఐఆర్ (స్పీకర్ సౌండ్‌ని అనుకరించే ఫైల్). ఇంతవరకు బాగానే ఉంది, గట్టిగా మీటితే గంట మోగినట్టు ఖంగుమంటోంది.

అసలు తంటా ఎకోతోనే. డిలే 330 మిల్లీసెకండ్లు, ఫీడ్‌బ్యాక్ 20 శాతం, మిక్స్ 25 శాతం పెడితే, గిటార్ మీద శ్రుతిని ఊపే కడ్డీ వ్యామీ బార్‌తో నోట్ సాగదీసినప్పుడు రిపీట్ వెనకాల విడిగా అతికించినట్టు వినిపిస్తోంది, రికార్డుల్లో అయితే నోట్ చుట్టూనే అల్లుకుని ఊగుతుంది, నాకు కావాల్సింది అదే. టేప్ ఎకో ప్లగిన్‌కి మార్చా, ఫ్లట్టర్ (టేప్ వేగంలో వణుకు) పెంచితే శ్రుతి తప్పుతోంది, రిపీట్స్‌లో 3 కిలోహెర్ట్జ్ పైన కోసేశా, ఎకోని ఆంప్‌కి ముందూ వెనకా పెట్టి చూశా (ముందు పెడితేనే కాస్త నయం). మార్విన్ వాడిన ఎకో యంత్రం మెయాజ్జి ఎకోమాటిక్‌లో ఒకటికి మించి ప్లేబ్యాక్ హెడ్లు ఉంటాయి కాబట్టి ఒక్క డిలేతో అది రాదనిపించి మల్టీట్యాప్ (ఒకేసారి చాలా డిలేలు ఇచ్చేది) పెట్టా, కానీ చెవితో సర్దుతుంటే అంతా గజిబిజి అయిపోతోంది.

ఈ టోన్ సాధించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: మల్టీట్యాప్‌లో ఎన్ని ట్యాపులు, ఒక్కోటి ఎన్ని మిల్లీసెకండ్లు, ఎంత లెవెల్‌లో పెట్టారు?