నాన్నగారి మూడు చక్రాల ట్రైక్: కాలు జారింది, మోకాలు నొప్పి, టైర్లు అరిగిపోతున్నాయి. ముందు ఏది చూడాలి?

ఆష్‌బర్న్, వర్జీనియా నుంచి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 67 ఏళ్లు. తెనాలి దగ్గర లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లు బడికి సైకిల్ మీదే వెళ్లొచ్చిన మనిషి. రెండేళ్ల క్రితం చిన్నపాటి స్ట్రోక్ వచ్చాక బ్యాలెన్స్ దెబ్బతింది. నడుస్తున్నారు, తన పనులు తనే చేసుకుంటున్నారు గానీ మామూలు సైకిల్ ఎక్కితే పక్కకి ఒరిగిపోతున్నారు. ఇక్కడికి వచ్చాక పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుంటుంటే చూడలేక, ఒకరు వాడిన రికంబెంట్ ట్రైక్ కొన్నాను. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. పడక్కుర్చీకి చక్రాలు బిగించినట్టు ఉంటుంది. మొదటి రోజు డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ (పాత రైలు కట్ట మీద వేసిన సైకిల్ బాట) మీద రెండు మైళ్లు వెళ్లొచ్చి, "మళ్లీ సైకిల్ తొక్కానురా" అన్నారు.

నెల తిరిగేసరికి ఇబ్బందులు మొదలయ్యాయి. మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్నారు. కొత్తగా వేసిన ముందు టైర్లు రెండూ అప్పుడే నున్నగా అరిగాయి. బ్రేక్ వేస్తే బండి ఎడమకి లాగుతోంది. నిన్న సాయంత్రం పల్లంలో కాలు పెడల్ మీంచి జారి చెప్పు నేలకి రాసుకుని తెగింది. కాలికి ఏమీ కాలేదు. షాపుకి తీసుకెళ్తే "ఇలాంటివి మేం చూడం" అన్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

లీస్‌బర్గ్ నుంచి

తమ్ముడూ, నువ్వు ఆఖర్న రాసిన సంగతి అన్నిటికంటే ముందు చూడాల్సింది. ఆ చెప్పు సంగతి తేలేదాకా నాన్నగారిని ట్రైక్ ఎక్కించకు.

ట్రైక్‌లో కాళ్లు ముందుకి చాపి, నేలకి కాస్త ఎత్తులో పెడల్స్ మీద ఉంటాయి. పెడల్ మీంచి జారిన పాదం నేలని తాకితే అక్కడే ఆగిపోతుంది, బండి మాత్రం ముందుకి పోతూనే ఉంటుంది. సీటు ముందున్న అడ్డగొట్టం వచ్చి పిక్కనో చీలమండనో తన కిందికి మడిచేస్తుంది. తొక్కేవాళ్లు దీన్నే లెగ్ సక్ అంటారు. నడక వేగంలో కూడా ఎముక విరుగుతుంది. నాకు మొదటి ఏడాదే అయింది. ఇంటి ముందు డ్రైవ్‌వేలో, బండి ఆపడానికి అలవాటుగా కాలు కింద పెట్టాను. చీలమండ బెణికి ఆరు వారాలు కుంటుకుంటూ తిరిగాను. విరగలేదు, అదే అదృష్టం.

కాబట్టి పాదం పెడల్‌ని వదలకుండా కట్టుదిట్టం చేయాలి. దారులు రెండు. షూ అడుగున బిళ్ల బిగించి పెడల్‌లోకి టిక్కున ఇరికించే క్లిప్‌లెస్ పెడల్స్ ఒకటి. ఊడాలంటే మడమని బయటికి తిప్పాలి. స్ట్రోక్ వచ్చిన కాలికి ఆ తిప్పడం కష్టం కావచ్చు. మీ నాన్నగారికి రెండోదే మేలు: మడమని వెనకనుంచి పట్టుకునే గిన్నెలాంటి హీల్ సపోర్ట్, పాదం మీదుగా వెల్క్రో పట్టీ. కాలు బలహీనంగా ఉంటే పిక్క దాకా ఆనుకునేవి కూడా దొరుకుతాయి. పాదాలు కట్టేస్తే పడిపోతారేమో అని అమ్మగారు భయపడొచ్చు. రెండు చక్రాల బండి అయితే ఆ భయం న్యాయమే. ట్రైక్ ఆగినా ఒరగదు కదా, కాళ్లు పెడల్స్ మీదే ఉంచుకుని నిమ్మళంగా కూర్చోవచ్చు.

చెప్పులు మాత్రం వద్దు. వెనక మూసి ఉన్న బూట్లే వేయించు. బండి కదులుతున్నంతసేపూ కాలు కిందపెట్టకూడదని రోజూ ఎక్కేముందు ఒకసారి గుర్తు చెయ్యి. ముప్ఫై ఏళ్ల సైకిల్ అలవాటు ఒక్క రోజులో పోదు.

బ్రేక్ గురించి ఒక ప్రశ్న: రెండు లివర్లూ కలిపి నొక్కుతున్నారా? స్ట్రోక్ ఏ వైపు?

ఆష్‌బర్న్ నుంచి

అన్నా, కాలు అలా కిందికి పోతుందని నాకు అసలు తెలియదు. నాన్నకి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. హీల్ సపోర్ట్ ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా బండికి గ్యారేజీలో తాళం.

స్ట్రోక్ ప్రభావం కుడి వైపు. చేతి పట్టు కాస్త తగ్గింది.

లీస్‌బర్గ్ నుంచి

అయితే కారణం దొరికినట్టే. మన సైకిల్‌కి ఒక లివర్ ముందు చక్రానికి, ఇంకోటి వెనక చక్రానికి. ఈ రకం ట్రైక్‌కి సాధారణంగా ఎడమ లివర్ ఎడమ ముందు చక్రానికి, కుడి లివర్ కుడి ముందు చక్రానికి ఉంటుంది. కుడిచెయ్యి గట్టిగా నొక్కలేకపోతే ఎడమ చక్రం ఎక్కువ ఆగుతుంది, బండి ఎడమకి తిరుగుతుంది.

ఖాయం చేసుకోవడానికి ఖాళీ పార్కింగ్ లాట్‌లో నువ్వు కూర్చుని, మెల్లగా పోతూ రెండు లివర్లూ సమంగా నొక్కి చూడు. నీకూ ఎడమకే లాగితే కుడి కేబుల్ వదులైంది. లివర్ దగ్గరున్న చిన్న మరని బయటికి తిప్పితే కేబుల్ బిగుస్తుంది. నీ చేతిలో నేరుగా ఆగితే లోపం బండిలో లేదు. అప్పుడు ఒక్క లివర్‌తో రెండు కేబుళ్లు లాగే డబుల్ లివర్ కొని ఎడమచేతి వైపు పెట్టించు. పెద్ద ఖర్చు కాదు.

ఇంకో మాట. స్ట్రోక్ తర్వాత కొందరికి ఒక పక్క చూపు తగ్గుతుంది, వాళ్లకే తెలియదు. రోడ్డు దాటే చోట అది ప్రాణం మీదికి తెస్తుంది. పక్కచూపు పరీక్ష ఈ మధ్య చేయించకపోతే, డాక్టర్‌ని అడిగి చేయించాకే ట్రైల్ మీదికి పంపు.

హెర్న్‌డన్ నుంచి

మా అత్తగారు మూడేళ్లుగా ఇలాంటిదే తొక్కుతున్నారు. మోకాలి నొప్పి సంగతి నేను చెప్తాను, మాకూ అదే వచ్చింది.

మీరు కొన్న బండి ముందు యజమాని పొట్టివారేమో చూడండి. చిప్ప కింద నొప్పి చాలావరకు పెడల్స్ మరీ దగ్గరగా ఉంటే వస్తుంది. నాన్నగారిని సీట్లో వీపు పూర్తిగా ఆనేలా కూర్చోబెట్టి, మడమని పెడల్ మీద పెట్టించి, పెడల్‌ని అందినంత దూరం తిప్పించండి. అక్కడ కాలు తిన్నగా చాచుకోవాలి, తుంటి కదలకూడదు. తర్వాత పాదం మామూలుగా పెడితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన దూరం. మరీ దూరం పెడితే తుంటి అటూ ఇటూ ఊగి నడుం పట్టేస్తుంది.

కొన్ని బండ్లకి సీటే ముందుకీ వెనక్కీ జరుగుతుంది, పని సులువు. మీదానికి పెడల్స్ ఉన్న ముందు గొట్టం (బూమ్) జరిగే రకమైతే చెయిన్ సంగతి మర్చిపోకండి. బూమ్ ఒక అంగుళం జరిగితే చెయిన్ పైవరసకి ఒకటి, కిందివరసకి ఒకటి, మొత్తం రెండు అంగుళాలు కావాలి. అది చూసుకోకుండా బూమ్ జరిపి, ముందూ వెనకా పెద్ద పళ్లచక్రాల మీదికి చెయిన్ వేస్తే వెనక డిరెయిలర్ (గేర్ మార్చేటప్పుడు చెయిన్‌ని పక్కకి జరిపే భాగం) విరిగి చేతికొస్తుంది, మాకు వచ్చింది. బూమ్ మీద చెక్కిన గీత బయటికి కనపడేంత దూరం లాగొద్దు. బోల్టులు బిగించేముందు ముందు నుంచి చూసి, పెడల్స్ ఒక పక్కకి వాలకుండా సరిచేయండి.

నొప్పికి రెండో కారణం బరువైన గేర్. ఇందులో లేచి నిలబడి తొక్కలేం కాబట్టి కొందరు సీటుకి వీపు ఆనించి బలంగా తన్నుతారు. మోకాలికి అదే చేటు. తేలిక గేర్‌లో కాళ్లు గబగబా తిరగాలి.

ఎక్కడం, దిగడం కూడా నేర్పించండి. పార్కింగ్ బ్రేక్ వేయకుండా కూర్చోబోతే బండి వెనక్కి జారి మనిషి నేల మీద పడతాడు. బ్రేక్ వేసి, సీటుకి వీపు పెట్టి, సీటు చట్రం పట్టుకుని మెల్లగా కూర్చోవాలి. స్టీరింగ్ హ్యాండిళ్ల మీద బరువు వేయకూడదు. లేవడానికి పట్టుకునే కడ్డీలు విడిగా అమ్ముతారు. మా అత్తగారు అవి పెట్టాకే ఎవరి సాయం లేకుండా బయటికి వెళ్లడం మొదలుపెట్టారు.

లీస్‌బర్గ్ నుంచి

చాలా బాగా చెప్పారమ్మా. ఇక టైర్లు. ముందు చక్రాలు రెండూ సమాంతరంగా లేవు. ఒక్కో చక్రం ఒక్కో దిక్కు చూస్తుంటే టైరు దొర్లే బదులు నేల మీద రుద్దుకుంటూ పోతుంది.

కొలత ఇలా తీసుకోవాలి. హ్యాండిల్ నేరుగా ఉంచి, రెండు రిమ్ముల లోపలి అంచుల మీద, ముందు వైపు, ఇరుసు ఎత్తులో సుద్దతో చుక్క పెట్టు. చుక్కల మధ్య దూరం కొలువు. తర్వాత చక్రం సగం తిరిగేలా బండిని ముందుకి తోయి. అవే చుక్కలు ఇప్పుడు వెనక వైపుకి, అదే ఎత్తుకి వస్తాయి. మళ్లీ కొలువు. అవే చుక్కలు వాడతాం కాబట్టి రిమ్ము వంకర ఉన్నా కొలత తప్పదు. సీటు అడ్డొస్తే తీసేయ్.

ముందు కొలత వెనకదానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. తేడా వస్తే స్టీరింగ్ కడ్డీకి రెండు చివరలా ఉన్న లాక్ నట్లు వదులు చేసి కడ్డీని తిప్పాలి. చాలా బండ్లలో ఒక చివర మామూలు మర, ఇంకో చివర ఎడమ మర (తిరగేసి తిప్పాల్సింది) ఉంటుంది, బలవంతం చేయకు. రెండు కడ్డీలుంటే రెండూ సమానంగా తిప్పు. తిప్పేముందు మార్కర్‌తో ఒక గీత పెట్టుకుంటే మొదటికి తిరిగి రాగలవు. పానాతో అయిపోయే పని.

ఆష్‌బర్న్ నుంచి

ఈ పని నాన్నే చేశారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. పిల్లల సుద్దముక్క తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కో కొలత మూడుసార్లు తీసి పాత కవరు మీద రాశారు. ముందు 711, వెనక 703. ఎనిమిది మిల్లీమీటర్లు విచ్చుకుని ఉంది! కడ్డీ తిప్పి తిప్పి ముందు 706, వెనక 708కి తెచ్చారు. నా చేతిలో బ్రేక్ నేరుగానే ఆగింది, అంటే చేతి పట్టే. డబుల్ లివర్ వస్తోంది. బూమ్ అంగుళం జరిగింది, చెయిన్‌కి రెండు అంగుళాల ముక్క కలిపాం. చూపు పరీక్ష అయింది, ఇబ్బంది లేదన్నారు.

ఒక్కటే బెంగ. కాలనీలో ఎవరో "ఇది వికలాంగుల బండా అంకుల్" అన్నారట. అప్పట్నుంచి ట్రైల్ మీద తెలిసినవాళ్లు కనిపిస్తారేమో అని ఆలోచిస్తున్నారు.

వియన్నా, వర్జీనియా నుంచి

మాస్టారికి ఈ లెక్క చెప్పండి బాబూ. 1933 జూలైలో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఆయన పడుకుని తొక్కే సైకిల్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్లి, అప్పటిదాకా ఉన్న గంట రికార్డు దాటేశారు. ఆ బండి చేసినాయన షార్ల్ మోషె. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఇలాంటి బండ్లని పోటీల్లోంచి తీసేసింది. గాలికి అడ్డం తక్కువ కాబట్టి చదును రోడ్డు మీద ఇలా వెనక్కి వాలి తొక్కడం మామూలు సైకిల్ కంటే లాభం. నాకు 71. రెండు మోకాళ్లూ బాగానే ఉన్నాయి, నచ్చింది కాబట్టి తొక్కుతున్నాను. శనివారం పొద్దున్న మాస్టారిని హెర్న్‌డన్ పాత స్టేషన్ దగ్గరికి తీసుకురండి, పక్కపక్కనే వెళ్దాం.

హైదరాబాద్ నుంచి

మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. ఇలాంటి ట్రైక్‌ని ఇండియా వచ్చేటప్పుడు తెచ్చుకుని ఇక్కడ తొక్కొచ్చా?

లీస్‌బర్గ్ నుంచి

మీ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ లాంటి చోటయితే హాయిగా తొక్కొచ్చు. నగరం రోడ్ల మీద నేను ఒప్పుకోను. లారీ డ్రైవరుకి అంత కింద ఉన్న తల కనపడదు, స్పీడ్ బ్రేకర్‌కి అడుగు గీసుకుంటుంది. అక్కడ ట్యూబు కావాల్సి వస్తే, టైరు పక్కన 406 (రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో) అని ఉంటే బీఎంఎక్స్ సైకిల్ ట్యూబు పనికొస్తుంది. 20 అంగుళాల పేరుతోనే 451 కూడా ఉంటుంది, అది పట్టదు.

తమ్ముడూ, శనివారం వెళ్లేముందు ఇవి చూసుకో. ట్రైల్ పాత రైలు కట్ట కాబట్టి ఎత్తుపల్లాలు మెత్తగానే ఉంటాయి గానీ రోడ్డు దాటే చోట్లు చాలా ఉన్నాయి. ఈ బండిలో పాదాలు కళ్లకంటే మీటరు పైనే ముందుంటాయి. పొదో కారో అడ్డున్నప్పుడు మనకి రోడ్డు కనపడేసరికి పాదాలు రోడ్డు మీదికి వెళ్లిపోతాయి. అందుకని మామూలుగా ఆగేచోటుకంటే వెనకే ఆగి, మెడ చాచి చూసుకుని, కారు పూర్తిగా ఆగాకే కదలాలి. ఎత్తు కర్రకి రంగు జెండా, పగలు కూడా వెలిగే వెనక లైటు, రెండు పక్కలా అద్దాలు, హెల్మెట్ ఉండాలి. మూడు చక్రాలున్నాయి కదా అని మలుపులో వేగంగా తిప్పితే లోపలి చక్రం లేచి బోల్తా పడుతుంది. వేగం మలుపుకి ముందే తగ్గించాలి, ఒళ్లు మలుపు లోపలికి వంచాలి.

ఆష్‌బర్న్ నుంచి

జెండా పెట్టాం. అమ్మ పాత నారింజ రంగు చీర కొంగు కత్తిరించి కుట్టింది. ఒక చిన్న అనుమానం: సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదలాలంటే నాన్నకి పెడల్ బరువుగా ఉంటోంది.

హెర్న్‌డన్ నుంచి

డిరెయిలర్ ఉన్న బండికి ఆగాక గేర్ మారదు, పెడల్ తిరుగుతుండగానే మార్చాలి. ఎరుపు కనపడగానే, బ్రేక్ పట్టుకోకముందే, రెండు మూడు గేర్లు తేలికకి తెచ్చుకోమనండి. ఇంటి ముందు పది సార్లు చేయిస్తే చెయ్యి దానంతటదే వెళ్తుంది. శనివారం మేమూ వస్తున్నాం, అత్తగారు ఇప్పుడే టైర్లకి గాలి కొట్టమన్నారు.